టైలరమ్మ కుట్టనన్న బట్ట

బేకరీ పిల్ల వచ్చేసరికి టైలరమ్మ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. వాటిని పెదవుల మధ్య బిగబట్టి, చెక్కబొమ్మకి తొడిగిన గౌను నడుము దగ్గర ఎంత లోపలికి పట్టాలో చూసుకుంటోంది. మాట్లాడే వీలులేక, కూర్చోమన్నట్టు కనుబొమలతో బల్ల చూపించింది. ఆ పిల్ల కూర్చోలేదు. నాలుగు నెలల పసివాణ్ణి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, గోడకి వీపు ఆనించి, కాళ్ళు దగ్గరగా బిగించి నిలబడింది.

గుమ్మం పక్కన వెలుతురు పడేచోట పొట్టి కుర్చీ వేసుకుని కాజాలు కుడుతున్న అత్తగారు కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసింది. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కోడలు కుట్టే ప్రతి చొక్కాకీ కాజాలు ఆవిడ చేతివే కాబట్టి అందరికీ కాజాలమ్మే.

"వాణ్ణిలా ఇయ్యి. నీ కొలతలు అయ్యేదాకా వాడికి సూదిలో దారం ఎక్కించడం నేర్పిస్తా," అని చేతులు చాపింది.

"ఏడుస్తాడు పెద్దమ్మా."

"ఏడవనీ. ముగ్గుర్ని పెంచినదాన్ని, వాడి పాటకి బెదిరిపోతానా?"

ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి మలుపుదాకా వినిపిస్తుంది. పసివాడు ఆ గొంతు విని ఏడవడం మానేసి నోరు తెరుచుకుని చూశాడు.

కొలతలు తీసుకునే తెర వెనక ఉన్నది గదంటే గది కాదు. ఒక అద్దం, ఒక మేకు, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలేంత చోటు. అక్కడికొచ్చాక బేకరీ పిల్ల జేబులోంచి రొట్టెలు చుట్టే కాయితం ముక్క తీసి ఇచ్చింది. దాని మీద పెన్సిలుతో ఏదో గీసుంది.

"ఇలాంటిది కావాలక్కా. గట్టి బట్టతో. కింద రెండు మడతలుండాలి. బిగించి కట్టుకోడానికి పక్కల నాడాలు."

టైలరమ్మ నోట్లో సూదులు తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. బొమ్మ చూసింది. గీతలు వంకరపోయాయి గాని ఆకారం సరిగ్గానే ఉంది. అసలు ఆ ఆకారం గీసిన పిల్లకంటే టైలరమ్మకే బాగా తెలుసు.

"ఎప్పట్నుంచి?" అంది మెల్లిగా.

ఆ ఒక్క మాటకే ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "వాడు పుట్టినప్పట్నుంచి. ఎంతకీ రాకపోతే పట్టకారు వేసి లాగారు. పొద్దున్న బాగానే ఉంటుందక్కా. కౌంటరు దగ్గర నిలబడి నిలబడి మధ్యాహ్నం దాటాక ఏదో కిందికి జారుతున్నట్టుంటుంది. సాయంత్రానికి చేతికి తగులుతుంది, కోడిగుడ్డంత. పడుకుంటే మళ్ళీ లోపలికి పోతుంది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఏమని చెప్పను? మా ఆయనకి నడుంనొప్పని చెప్పి అటు తిరిగి పడుకుంటున్నా. నువ్వూ ఎవరితో అనకక్కా. ఈ ఊరు మొత్తానికి నాకొక్కదానికే ఇలా అయినట్టుంది."

ఆ చివరి మాట టైలరమ్మ వినడం అది పన్నెండోసారి. మాట మారదు, గొంతు మారుతుంది. పాలడిపో ఆవిడ వెక్కుతూ చెప్పింది. లెక్కల టీచరు గోడకేసి తిరిగి చెప్పింది. బట్టలకొట్టు వదిన నవ్వులాటగా మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. కొలతల పుస్తకంలో వాళ్ళందరి పేజీల్లోనూ ఒక మూల చిన్నగా 'ఆ' అని రాసుంటుంది. 'ఆ' అంటే ఆసరా. తొమ్మిదేళ్ళ కిందట మొదటిది అత్తగారికి కుట్టినప్పుడు, పేరులేని ఆ బట్టకి ఆవిడే పెట్టిన పేరది.

నిజం చెప్పాలంటే ఆ పనంటే టైలరమ్మకి లోలోపల గర్వం. లోపలివైపు మెత్తటి నూలు, పైన మందం బట్ట, బరువు ఆగేచోట చిరగకుండా డబుల్ కుట్టు, తొడ దగ్గర కొయ్యకుండా ఎలాస్టిక్కు మీద ఇంకో మడత. వంగి వచ్చిన ఆడవాళ్ళు నిటారుగా నడిచి వెళ్ళేవాళ్ళు. అది చూసి ఆమెకి కడుపు నిండేది.

టేపు తీసి నడుము చుట్టూ వేసింది. తుంటి కొలిచింది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఊరికే అడిగినట్టు అడిగింది. "నీకిప్పుడు ఎన్నేళ్ళు?"

"ఇరవై మూడు."

పెన్సిలు ఆగిపోయింది. మొదటి ఆసరా కట్టుకున్నప్పుడు అత్తగారికి యాభై ఆరు. ఒక్కోటీ పది నెలలు ఆగితే ఎక్కువ. ఈ పిల్లకి ముసలితనం వచ్చేదాకా ఎన్ని కుట్టాలి? తను కుట్టలేని రోజు వస్తే ఎవరు కుడతారు?

"రేపు రా, చెబుతాను," అంది పుస్తకం మూసి.

మర్నాడు ఆ పిల్ల మధ్యాహ్నం భోజనం మానుకుని పరిగెత్తుకొచ్చింది. టైలరమ్మ మిషను మీంచి లేచి, తెర వెనక్కి కూడా తీసుకెళ్ళకుండా, చెవి దగ్గర చెప్పేసింది. "నేను కుట్టను. ఇది బట్టతో పోయేది కాదు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుంది. నేను వెంట వస్తాను."

బేకరీ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "ఆసుపత్రికి వెళ్ళే ధైర్యముంటే నీ దగ్గరికెందుకొస్తాను? బట్ట కుట్టమంటే కుట్టాలి గాని. రేపు పన్నెండు ట్రేలు మొయ్యాలి నేను. నువ్వొచ్చి మోస్తావా?" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. వీధి మలుపు దగ్గర ఒకసారి ఆగి గోడ పట్టుకోవడం టైలరమ్మకి కిటికీలోంచి కనిపించింది.

సాయంత్రం దుకాణం తలుపు దగ్గరగా వేసి నేలమీద పడ్డ పీలికలు ఊడుస్తుంటే అత్తగారు కదిపింది. "బేకరీ పిల్లక్కూడానా?"

"నేనేం చెప్పలేదు."

"నువ్వెప్పుడు చెప్పావు గనక? నీ నోరు పెట్టెకి తాళం. ఆ పిల్ల నిలబడ్డ తీరు చాలదూ? నేను అలా నిలబడి నిలబడి అరిగిపోయినదాన్ని." దారం కొస పంటితో కొరికింది. "కుట్టనన్నావా?"

"అన్నాను."

"నాకు కుట్టావుగా?"

టైలరమ్మ చీపురు ఆపింది. "మీరు రానన్నారు అత్తయ్యా. అప్పుడూ అన్నారు, ఆ తర్వాత రెండుసార్లు అన్నారు. ఇప్పుడు రమ్మంటే వస్తారా?"

"నా దగ్గర చూడ్డానికేం మిగిలిందని? పన్నెండేళ్ళ కిందటే గర్భసంచి తీసి పారేశారు. సంచే లేనిదానికి సంచి జారిందని పోతే డాక్టరు నవ్వదూ?" అని ఆవిడా నవ్వింది. నవ్వుతూనే ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో పొత్తికడుపు కింద అదిమిపట్టి లేచింది. ఆ లేవడం టైలరమ్మ తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తూనే ఉంది. ఆ రోజెందుకో చూడలేక చూపు తిప్పుకుంది.

బుధవారం పొద్దున్న రొట్టె తెస్తానని టైలరమ్మ చెప్పులేసుకుంటుంటే, "ఉండు, నేనూ వస్తా," అంది అత్తగారు. బేకరీ దాకా నడిచి ఆవిడకి ఏడాది దాటింది. దారిలో మూడుచోట్ల ఆగారు. ఆగిన ప్రతిచోటా ఆవిడ ఎవరి గోడ రంగో, ఎవరి కిటికీ తలుపో బాగులేదని వంకపెడుతూ, అది చూడ్డానికే ఆగినట్టు నటించింది.

బేకరీలో అప్పుడే రొట్టెలు దిగుతున్నాయి. ఆ పిల్ల వేడి ట్రే పొయ్యి దగ్గర్నుంచి ఎత్తి, కడుపుకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కౌంటరు దాకా తెచ్చి దించింది. దించాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. గల్లా దగ్గర యజమాని తప్ప ఇంకెవరూ కూర్చునేందుకు ఏమీ లేదు. పనివాళ్ళు కూర్చుని ఉంటే కొనేవాళ్ళకి బద్ధకస్తుల్లా కనిపిస్తారని ఆయన సిద్ధాంతం.

కాజాలమ్మ కౌంటరు మీద మోచేతులు ఆనించి, తను గుసగుస అనుకునే గొంతుతో అంది. "నాక్కూడా అదే ఉందే పిల్లా. నీకంటే పాతది. నాది చూస్తే నీది పసికూన."

ఆ పిల్ల టైలరమ్మ వైపు చురుగ్గా చూసింది. టైలరమ్మ తల అడ్డంగా ఊపింది.

"దాన్ని చూడకు, అదేం చెప్పలేదు. నీ కాళ్ళు చెప్పాయి," అంది అత్తగారు. "రేపు నేను ఆసుపత్రికి పోతున్నా. ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం. నువ్వు తోడొస్తే పోతా, లేకపోతే లేదు."

యజమాని గల్లా వెనకనుంచి మెడ చాపాడు. "ఏం కావాలి మామ్మగారూ?"

"మీ పిల్ల కావాలి నాయనా. రేపు పొద్దుటిపూట. మధ్యాహ్నానికి తిరిగిచ్చేస్తాను."

గురువారం ముగ్గురూ, పసివాడితో నలుగురు, ఆసుపత్రి బల్ల మీద వరసగా కూర్చున్నారు. గోడకి తెల్లరంగు, తలుపుకి ఆకుపచ్చ తెర, లోపల సబ్బు వాసన. ముందు ఆ పిల్ల వెళ్ళింది. పావుగంట తర్వాత బయటికొచ్చినప్పుడు చేతిలో రెండు కాయితాలున్నాయి, మొహంలో ఏదో సడలింది.

"పెద్దమ్మా, అది మూత్రాశయమంట. ముందువైపు గోడ వదులైందంట. పురుడయ్యాక చాలామందికి ఎంతో కొంత ఉంటుందంట. మూత్రం ఆపుకున్నట్టు బిగబట్టి పది లెక్కపెట్టి వదలమంది, రోజుకి మూడుసార్లు, కొన్ని నెలలు. బరువులు ఎత్తొద్దంది, ఎక్కువసేపు నిలబడొద్దంది. యజమానికి చీటీ రాసిచ్చింది." ఆగి, సిగ్గుపడుతూ, "ఇంకో బిడ్డని కనొచ్చా అనడిగితే ఎందుక్కనకూడదు, అప్పుడు ముందే నా దగ్గరికి రా అంది," అంది.

"చూశావా? ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే నేను ముప్పై ఏళ్ళప్పుడే వచ్చి కూర్చునేదాన్ని," అంటూ కాజాలమ్మ లోపలికి నడిచింది. నడిచేముందు కోడలి చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి చల్లగా ఉంది.

టైలరమ్మ తెర ఇవతల నిలబడి వింది. అత్తగారు మంచం ఎక్కడం వినిపించింది. "సంచి తీసేశాక ఇంకేం జారుతుందమ్మా?" అని అడగడం వినిపించింది.

"సంచి లేకపోయినా బిడ్డ బయటికొచ్చే దారి ఉంటుంది కదమ్మా," అంది డాక్టరమ్మ. పని చేసుకుంటూ మాట్లాడే మనిషి గొంతది, తొందర లేదు. "దాని పైకప్పుని పట్టి ఉంచే కట్లుంటాయి. అవి వదులైపోతే కప్పే కిందికి దిగుతుంది. జేబు లోపలి బట్ట బయటికి లాగినట్టన్నమాట."

టైలరమ్మకి ఆ క్షణంలో అంతా అర్థమైపోయింది. జేబులు ఆమె లెక్కలేనన్ని కుట్టింది. లోపలి బట్ట బయటికొస్తే ఎవరైనా లోపలికి తోసి అడుగున కుట్టు వేస్తారు. బయటే ఉంచి దానిమీద ఇంకో బట్ట కట్టరు.

అంతలో డాక్టరమ్మ గొంతు మారింది. "ఇదెవరు కుట్టారండీ? ఎంత శుభ్రంగా కుట్టారు! నా దగ్గరికి అందరూ పాతగుడ్డలు చుట్టుకొస్తారు. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

"మా కోడలు!" అంది అత్తగారు. ఆ మాట కచ్చితంగా వరండా చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ఆవిణ్ణోసారి పిలవండి. మందు రాయడం చూపించాలి."

టైలరమ్మ లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ ఆమెకంటే చిన్నదే, చేతులకి తొడుగులు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. దీపం దగ్గరికి జరిపి, "భయపడకండి, ప్రమాదం కాదు. ఒరుసుకుని పుండ్లు పడ్డాయంతే. చూడండి, ఇక్కడా, ఇక్కడా," అంది.

టైలరమ్మ చూసింది. ఎర్రగా రెండు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో పావంగుళం. ఎక్కడ మొదలై ఎక్కడ వంగాయో చూడక్కర్లేకుండానే ఆమెకి తెలుసు. మనిషి తన చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. బరువు ఆగేచోట చిరగకూడదని తను వేసిన డబుల్ కుట్టు.

"నొప్పిగా ఉండి ఉంటుందే ఇన్నాళ్ళూ?" అని డాక్టరమ్మ అత్తగారిని అడిగింది.

"అప్పుడప్పుడు కాస్త చుర్రుమనేది."

"ఎప్పట్నుంచి?"

అత్తగారు కోడలి మొహం చూసి, గది పైకప్పు చూసి, "గుర్తులేదమ్మా," అంది.

రెండు వారాలు మందు రాయాలి, ఆ బట్ట మళ్ళీ కట్టకూడదు, వీలైనంత పడుకునే ఉండాలి. పుండ్లు మానాక మెత్తటి రబ్బరు వలయం ఒకటి లోపల అమరుస్తారు, అది పైకప్పుని పైకి ఆపుతుంది. అది కుదరకపోతే ఆపరేషను ఉంది. డాక్టరమ్మ చెబుతున్నవన్నీ టైలరమ్మ తలాడిస్తూ విని, మందు గొట్టం తీసుకుని బయటికొచ్చింది.

బేకరీ పిల్ల పసివాణ్ణెత్తుకుని ముందు నడుస్తోంది. వెనకాల అత్తాకోడళ్ళు. నాలుగు ఇళ్ళు దాటాక అత్తగారు కోడల్ని మోచేత్తో పొడిచింది.

"ఏమే, డాక్టరు నీ నాలిక్కి కూడా మందు రాసిందా?"

"చుర్రుమంటోందని నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే మళ్ళీ విప్పి కుడతావు. రెండు రోజుల పని. అప్పుడు స్కూలు చొక్కాలు మీదపడి ఉన్నాయి."

"తొమ్మిదేళ్ళు నా చేత్తో నేనే... అందరూ నిటారుగా నడిచిపోతుంటే మురిసిపోయాను. లోపల ఏమవుతోందో ఒక్కనాడూ అడగలేదు."

కాజాలమ్మ రోడ్డు మధ్యలో ఆగింది. ఈసారి గోడల్ని చూడలేదు. "ఇలా విను. నువ్వు కుట్టావు కాబట్టి నడిచాను. చిన్నమ్మాయి పెళ్ళికి వెళ్ళాను, మనవడు పుడితే ఎత్తుకున్నాను. నడుస్తున్నాను కదా అని ఆసుపత్రికి పోలేదు. రెండూ నిజమే. ఇందులో నీ పాలెంతో నా పాలెంతో విడదీసి కుట్లు విప్పడం మొదలుపెడితే మనిద్దరికీ బట్ట మిగలదు. పద, ఎండగా ఉంది."

ఆ సాయంత్రం కాజాలమ్మ కొడుకు పనినుంచి వచ్చాడు. ఇళ్ళకి రంగులేసే మనిషి, కనుబొమల మీద ఏ రోజు రంగు ఆ రోజుంటుంది. ఆ రోజు నీలం. తల్లి కాళ్ళకింద రెండు దిళ్ళు పెట్టుకుని పడుకుని ఉండటం చూసి కంగారుగా, "డాక్టరేమంది?" అనడిగాడు.

"నీకో చెల్లెలు పుడుతుందంది."

పెయింటరు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పొయ్యి దగ్గర టైలరమ్మకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతోపాటే పొద్దుట్నుంచీ ఆగిన ఏడుపూ వచ్చింది. అతనికి ఆ తర్వాత పెళ్ళామే విడమరిచి చెప్పింది. అంతా విని అతను చాలాసేపు గోళ్ళలో రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. చివరికి, "ఆ బేకరీ పిల్లకి కౌంటరంత ఎత్తు స్టూలు కావాలి కదా. చీటీ ఇచ్చినా వాళ్ళ యజమాని కొనడు," అని లేచి, కిటికీల పైభాగాలకి రంగువేసేటప్పుడు తను ఎక్కే పొడుగు స్టూలు తీసి, తడిగుడ్డతో మరకలు తుడవడం మొదలుపెట్టాడు.

రెండు వారాలు కాజాలమ్మ పడుకునే కాజాలు తీసింది, పడుకునే కోడలి మీద అధికారం చలాయించింది. పొద్దునా సాయంత్రమూ టైలరమ్మ చేతులు కడుక్కుని వచ్చి మందు రాసేది. మొదటి రోజు ఇద్దరూ ఎటో చూశారు. మూడో రోజుకి అత్తగారు ఆ సమయంలోనే కొత్త ఫ్యాషన్ల మీద విమర్శలు మొదలుపెట్టింది. గీతలు గులాబీరంగుకి తిరిగి, పలచబడి, చివరికి పోయాయి. డాక్టరమ్మ వలయం అమర్చింది. మొదటిది చిన్నదై జారింది, రెండోది నిలిచింది. నడవమంది, దగ్గమంది, వంగమంది. కాజాలమ్మ వంగి, లేచి, ఒక్కక్షణం పొత్తికడుపు కింద చెయ్యిపెట్టబోయి, పెట్టాల్సిన అవసరం లేదని తెలిసి, ఖాళీ చెయ్యి ఏం చెయ్యాలో తోచక డాక్టరమ్మ బుగ్గ నిమిరింది.

"ఇక నా పాలిట మీ మామగారు నువ్వేనమ్మా కోడలా," అంది దారిలో. "పెళ్ళిలో ఆయన ఉంగరం పెడతానని పెట్టలేదు. నువ్వు పెట్టించావు."

ఆ మర్నాడు పొద్దున్నే మొదలైంది అసలు గొడవ.

పాలడిపో ఆవిడ దుకాణం ముందునుంచి వెళుతుంటే కాజాలమ్మ పిలిచింది. "ఇదిగో అమ్మాయ్! నా నడక చూశావా? తొమ్మిదేళ్ళు నాకు కిందనుంచి జారిపోయింది తెలుసా? గుడ్డ కట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంగరం పెట్టారు. హాయిగా ఉంది."

వీధి ఆ పక్కన చెప్పులు కుట్టేవాడు తలెత్తాడు. పాలడిపో ఆవిడ మొహం పాలకంటే తెల్లగా అయిపోయింది. ఏదో గొణిగి, వెళ్ళాల్సిన వైపు కాకుండా వచ్చిన వైపే వెళ్ళిపోయింది.

"అత్తయ్యా!" టైలరమ్మ మిషను వదిలేసి వచ్చింది. "అదేం పని?"

"నువ్వు చెప్పలేవు. వాళ్ళ రహస్యం నీ దగ్గర దాచుకున్నారు, నువ్వు నోరెత్తితే ద్రోహం. నా రహస్యం నాది. నాది నేను నడివీధిలో ఆరేసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?"

"నేనే మీకు చెప్పాననుకుంటారు. ఇంకెవరూ ఈ గుమ్మం ఎక్కరు."

"ఎక్కకపోతే చూద్దాం."

ఎక్కలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ పైరోజూ కాజాలమ్మ కుర్చీ వీధి వైపు ఇంకాస్త జరుపుకుని, దొరికిన ప్రతి ఆడమనిషికీ తన కథ చెప్పింది. బట్టలకొట్టు వదిన దూరంనుంచే గొంతు విని పక్కసందులోకి తిరిగింది. రెండు గౌన్లు కుట్టమని ఇచ్చినావిడ బట్ట వెనక్కిమ్మని మనిషిని పంపింది. పెయింటరు ఒకసారి, "అమ్మా, కొంచెం మెల్లిగా..." అన్నాడు. "నిన్ను కన్నప్పుడు మొదలైంది ఇదంతా. నువ్వు మాట్లాడకు," అంది తల్లి.

టైలరమ్మ ఖాళీ మిషను ముందు కూర్చుని కొలతల పుస్తకం తిరగేసింది. పదకొండు 'ఆ'లు. ఏ పేజీ చూసినా ఆ రెండు ఎర్రగీతలే కనిపించాయి. వాళ్ళంతా తనని తిట్టుకుంటూ ఉండి ఉంటారు. తిట్టుకున్నా బాగుండు, తిట్టుకుంటూ ఆసుపత్రికి వెళితే. కాని వెళ్ళరు. ఇంట్లో కూర్చుని పాతగుడ్డలు చింపి తామే కుట్టుకుంటారు, తనంత మెత్తటి నూలు కూడా వెయ్యకుండా.

నాలుగో రోజు సాయంత్రం, బడి వదిలిన వేళ, లెక్కల టీచరు వచ్చింది. ఇస్త్రీ చెదరని పొడుగు చొక్కా, చంకలో పరీక్ష కాయితాల కట్ట. వీధిలో ఆవిడంటే పిల్లలకే కాదు, వాళ్ళ తండ్రులకీ భయమే. గుమ్మంలో కాజాలమ్మ ఉన్నా, అక్కడెవరూ లేనట్టు దాటి లోపలికి వచ్చి, బల్లకి అవతల నిలబడింది.

"నాది అయిందా?"

నెల కిందట ఆవిడ కొత్త ఆసరాకి చెప్పి వెళ్ళింది. టైలరమ్మ లేచి నిలబడింది. "కుట్టలేదు టీచరుగారూ."

"ఎందుకు? ఇక్కడ నా గురించి ఊరంతా..."

"మీ గురించి ఎవరికీ ఏమీ తెలీదు. ఆవిడ ఆవిడ సంగతే చెప్పుకుంటోంది. నా మీద ఒట్టు." టైలరమ్మ బల్ల అంచు పట్టుకుంది. "నేను కుట్టింది ఆవిడకి లోపల కోసింది టీచరుగారూ. గట్టిగా ఉండాలని నేను వేసిన కుట్టే. నా కళ్ళతో చూశాను. మీకు కూడా... చుర్రుమంటోందా?"

లెక్కల టీచరు చంకలో కాయితాల కట్ట కొంచెం వంగింది. ఆవిడ గిర్రున తిరిగి, వచ్చినంత బిగువుగా గుమ్మం వైపు నడిచింది. అయిపోయింది, ఈవిడ కూడా ఇక రాదు అనుకుంది టైలరమ్మ.

గుమ్మంలో ఆవిడ ఆగింది. వీధి అటు చూసింది, ఇటు చూసింది. బడి పిల్లలు గుంపులుగా ఇళ్ళకి పోతున్నారు, చెప్పులు కుట్టేవాడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆవిడ కాజాలమ్మ పక్కనున్న బల్ల మీద, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెల్లిగా, పక్కకి ఒరిగి కూర్చుంది.

"పెట్టేటప్పుడు నొప్పి పుట్టిందా?" అంది, కాయితాల కట్ట వైపు చూస్తూ.

కాజాలమ్మ చేతిలో చొక్కా పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నాలుగు రోజులుగా వీధి మలుపుదాకా వినిపించిన గొంతు లోపల మూడడుగుల దూరంలో ఉన్న కోడలికి కూడా వినిపించనంత కిందికి దిగింది. ఏదో చెప్పింది. టీచరు ఏదో అడిగింది. మళ్ళీ చెప్పింది. టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఇద్దరు పిల్లలు గుమ్మం ముందు ఆగి, టీచరు ఇక్కడేం చేస్తోందా అని చెవులు రిక్కించారు.

టైలరమ్మ చేతికందిన పీలిక ఒకటి లాగి సూదికింద పెట్టి, పెడలు మీద రెండు కాళ్ళూ వేసింది. మిషను గడగడలాడుతూ మొదలైంది. ఆ మోతలో ఏమీ వినపడక పిల్లలు విసుగొచ్చి ముందుకు కదిలారు. పీలిక అయిపోతే ఇంకొకటి తీసింది, దాని చివర ఇంకొకటి కలిపింది. గుమ్మంలో రెండు తలలూ దగ్గరగానే ఉన్నాయి. వాళ్ళ మాటలు అయ్యేదాకా ఆమె దేనికీ పనికిరాని ఆ కుట్టు కుడుతూనే ఉంది.